వేణ్ణీళ్లకి చన్నీళ్లు సరే... ఖర్చు ఎవరి ఖాతాలో?

"మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అనే ఆడవాళ్లలో నిజంగా ఏమీ చెయ్యకుండా ఉండేవాళ్లెందరు? ఒకావిడ జాకెట్లు కుడుతుంది, చీరలకి ఫాల్స్ వేస్తుంది. ఇంకొకావిడ ఆవకాయ, గోంగూర, కారప్పొడులు డబ్బాల్లో కట్టి ఊళ్లకి పార్సెళ్లు పంపుతుంది. ఒకరు బీమా పాలసీలు కట్టిస్తారు. ఒకరు సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టుకుని సంగీతం చెప్తారు. ఉద్యోగం చేస్తూనే శని, ఆదివారాల్లో మగ్గం వర్కు ఆర్డర్లు తీసుకునేవాళ్లూ ఉన్నారు.

ఈ సంపాదనకి మన ఇళ్లల్లో ఓ ముద్దుపేరుంది. వేణ్ణీళ్లకి చన్నీళ్లు! ఇంకాస్త తక్కువ చేసి చెప్పాలంటే, చేతిఖర్చులు. అసలు నీళ్లు వేరెవరో కాస్తున్నారు, మనం పక్కనుంచి ఓ చెంబుడు కలుపుతున్నాం అన్నమాట.

సరే, చన్నీళ్లే అనుకుందాం. ఆ చెంబుడు నీళ్లు తోడడానికి మనకి ఎంత ఖర్చయిందో ఎప్పుడైనా లెక్క చూసుకున్నామా? కుట్టుమిషను మోటారుకి కరెంటు, ఆవకాయకి నూనె, పొయ్యికి గ్యాసు, ఆన్‌లైన్ పాఠానికి ఇంటర్నెట్టు, ఇవన్నీ పెట్టుకోడానికి ఓ గది. సంపాదన మన పేరున కనిపిస్తుంది. ఖర్చు మాత్రం 'ఇంటి ఖర్చు'ల్లో కలిసిపోతుంది. ఇది కేవలం ఆదాయపు పన్ను గొడవ కాదు. కానీ పన్ను దగ్గర మొదలుపెడితే సంగతి సూటిగా అర్థమవుతుంది.

పన్ను లేదుగా, లెక్కెందుకు?

2025 బడ్జెట్లో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ కొత్త పన్ను పద్ధతి కింద 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను ఉండదని చెప్పారు. అది 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి అమలైంది. జీతగాళ్లకి మరో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్. అది విన్న రోజున మా వీధిలో టైలరింగు చేసే ఆవిడ "హమ్మయ్య అక్కా, మన జోలికెవరూ రారు" అని నవ్వింది. ఆవిడ మాట నిజమే. ఏడాదికి లక్షో రెండు లక్షలో సంపాదించేవారికి, వేరే ఆదాయం లేకపోతే, పన్ను బాధ లేదు.

కానీ ఉద్యోగం చేస్తూ పక్కన మరో పని చేసేవారి సంగతి వేరు. జీతం, ఈ పక్క సంపాదన రెండూ కలిపే ఆదాయం లెక్కిస్తారు. అక్కడే ఖర్చు లెక్క రాసుకున్న మనిషికీ రాసుకోని మనిషికీ తేడా తెలిసొస్తుంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. వ్యాపారం కోసం, పూర్తిగా దాని కోసమే పెట్టిన ఖర్చుని ఆదాయంలోంచి తీసెయ్యొచ్చు. సొంత ఖర్చుని తియ్యకూడదు. మరి ఇల్లే దుకాణమైతే? దానికీ 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో దారి ఉంది. అద్దె ఇంట్లో కొంత భాగం నివాసానికీ, కొంత భాగం వ్యాపారానికీ వాడుకుంటే, వ్యాపారానికి వాడిన భాగానికి తగ్గ అద్దెని ఖర్చుగా చూపించుకోవచ్చు. ఇంటికీ పనికీ రెండింటికీ వాడే మిషను, కంప్యూటరు, బల్ల, కుర్చీల తరుగుదలలోనూ న్యాయమైన వాటా ఉంటుంది. 2025లో పార్లమెంటు ఆమోదించిన కొత్త ఆదాయపు పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ, పని కోసం పెట్టిన ఖర్చు తీసెయ్యొచ్చన్న మూలసూత్రం మారలేదు.

చాలామందికి తెలియని మాట ఇంకొకటుంది. కొత్త పన్ను పద్ధతిలో పీఎఫ్, ఎల్‌ఐసి ప్రీమియం, ఇంటద్దె అలవెన్సు లాంటి మినహాయింపులు పోయాయని విని, "ఇంక ఏ ఖర్చూ చూపించుకోలేం" అనుకుంటున్నారు. కాదు! అవి పోయింది పొదుపులకీ, అలవెన్సులకీ. వ్యాపారం నడపడానికి పెట్టే ఖర్చులు కొత్త పద్ధతిలోనూ ఉన్నాయి.

ఓ చిన్న లెక్క

హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం చేసే ఓ అమ్మాయి ఉందనుకుందాం. ఏడాది జీతం 10 లక్షల 80 వేలు. వాళ్ల కంపెనీ అభ్యంతరం పెట్టలేదు కాబట్టి శని, ఆదివారాలూ, తెల్లవారుజామునా అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకి ఆన్‌లైన్లో సంగీతం చెప్తుంది. దానిమీద ఏడాదికి 2 లక్షల 40 వేలు వస్తాయి.

జీతంలోంచి 75 వేలు తీసేస్తే 10,05,000. సంగీతం డబ్బు కలిపితే 12,45,000. పన్నెండు లక్షల గీత దాటింది. 2025-26 లెక్క ప్రకారం, గీత కాస్త దాటినవారికిచ్చే ఊరట పోను, సెస్సుతో కలిపి 46,800 రూపాయలు కట్టాలి.

ఇప్పుడు ఖర్చులు రాద్దాం. ఇంటద్దె నెలకి 24 వేలు, ఏడాదికి 2,88,000. పాఠాలు చెప్పే గది ఇంట్లో అయిదో వంతు. ఆ గదిని సగం ఇంటికీ వాడుతున్నారు కాబట్టి అందులో సగమే తీసుకుందాం, 28,800. ఇంటర్నెట్టు ఏడాదికి 12 వేలల్లో సగం 6,000. కరెంటు బిల్లు ఏడాదికి 36 వేలల్లో పదో వంతు 3,600. ఫోను రీచార్జి 4 వేలల్లో సగం 2,000. ఆ ఏడాది మొదట్లో కొన్న 50 వేల లాప్‌టాప్‌కి 40 శాతం తరుగుదల, సగం వాడకం కింద 10,000. అన్నీ కలిపితే 50,400 రూపాయలు.

ఆదాయం 11,94,600కి దిగింది. పన్ను సున్నా!

ఇందులో దొంగలెక్క ఒక్కటి లేదు. ఇంటద్దె మొత్తం చూపించలేదు, కరెంటు మొత్తం చూపించలేదు. నిజంగా అయిన ఖర్చునే, న్యాయమైన వాటా మేరకే రాసింది. ఆ కాగితం లేకపోతే 46,800 పోయేది. ఉన్నందుకు మిగిలింది. అందరి లెక్కా ఇలా గీతకి అటూ ఇటూ ఉండదు. కానీ పన్ను పరిధిలో ఉన్న ఎవరికైనా రాయని ఖర్చుమీద పన్ను కట్టడమంటే, రాని ఆదాయంమీద కట్టినట్టే.

ఒక జాగ్రత్త. ఇలాంటి సంపాదన ఉన్న ఉద్యోగిని, జీతగాళ్లు మామూలుగా వేసే ఐటీఆర్-1 వెయ్యకూడదు. ఐటీఆర్-3 గానీ, అంచనా పద్ధతిలో అయితే ఐటీఆర్-4 గానీ వెయ్యాలి. వ్యాపార ఆదాయం ఉన్నవారికి పాత, కొత్త పన్ను పద్ధతుల మధ్య ఏటా అటూ ఇటూ మారే స్వేచ్ఛ కూడా ఉండదు.

బిల్లు ఎవరి పేరున ఉంది?

పై లెక్క చదివి "ఇంతేనా!" అనుకునేరు. అసలు ముడి ఇక్కడుంది. మీ ఇంటి అద్దె అగ్రిమెంటు ఎవరి పేరున ఉంది? ఇంటర్నెట్టు, గ్యాసు ఎవరి పేరున ఉన్నాయి? డబ్బు ఎవరి బ్యాంకు ఖాతాలోంచి పోతోంది? చాలా ఇళ్లల్లో జవాబు ఒకటే, "మావారి పేరున". ఆడిటరు దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగే ప్రశ్న కూడా అదే. "అమ్మా, ఖర్చు పెట్టింది మీరేనని చూపించడానికి ఏముంది?"

ఏమీ లేదు! కూరల డబ్బులోంచి కొంత, పాలడబ్బా వెనక దాచినదాంట్లోంచి కొంత, చేతికందిన నోటు తీసి ఇస్తాం. ఇంట్లో అందరికీ తెలుసు, కాగితానికి తెలియదు. ఆడవాళ్ల చాకిరీ ఇంట్లో కరిగిపోయినట్టే ఆడవాళ్ల పెట్టుబడీ కరిగిపోతోంది. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ నిమిషాలనైనా సర్వే వాళ్లు లెక్కపెట్టారు. ఆ ఇంట్లోనే మిషను తిరిగిన కరెంటుని ఎవరు లెక్కపెట్టారు?

ఇది పోట్లాడాల్సిన విషయం కాదు, సర్దుకోవాల్సిన విషయం. అద్దె అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు మీ పేరు కూడా చేర్చమని అడగండి. అద్దెలో మీ పని వాటా మీ ఖాతాలోంచే ఇంటి యజమానికి వెళ్లేలా చూసుకోండి. ఇంటర్నెట్టు కనెక్షన్ మీ పేరున పెట్టుకోండి. అయితే ఒకే రూపాయిని ఇద్దరు చూపించకూడదు. మీవారు పాత పద్ధతిలో మొత్తం అద్దెమీద హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు తీసుకుంటుంటే, అదే అద్దెలో మళ్లీ మీరు వాటా చూపించడం తప్పవుతుంది. సొంతిల్లయితే మనకి మనమే అద్దె ఇచ్చుకున్నట్టు రాయడం కుదరదు. మున్సిపల్ పన్ను, రిపేర్లు, ఇంటి బీమాలో పనికి వాడిన భాగం మేరకే.

ఇంకో మెలిక కూడా తెలిసి ఉండాలి. భర్త ఊరికే ఇచ్చిన డబ్బుతో భార్య వ్యాపారం పెడితే, ఆ పెట్టుబడి వాటాకి తగ్గ లాభాన్ని చట్టం భర్త ఆదాయంలో కలుపుతుంది. భార్య పేరున ఆదాయం చూపించి పన్ను ఎగ్గొట్టే మగవాళ్లని ఆపడానికి పెట్టిన నియమం ఇది. అందుకే మొదటి పెట్టుబడి మీ పొదుపులోంచో, మీ పుట్టింటివారు ఇచ్చినదాంట్లోంచో, మీ పేరున తీసుకున్న బ్యాంకు అప్పులోంచో వస్తే, దానికి కాగితం దాచుకోండి.

అంచనా లెక్క: సుఖమూ ఉంది, చిక్కూ ఉంది

"మాకు బిల్లులూ పుస్తకాలూ అంటే భయం" అనేవారికి చట్టం ఓ సుళువు మార్గం పెట్టింది. 44ఎడి అని ఆడిటర్ల నోట్లో నానిన సెక్షన్ అది. చిన్న వ్యాపారులు అమ్మకాల మొత్తంలో 8 శాతం, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వచ్చిన సొమ్మయితే 6 శాతం లాభంగా చూపిస్తే చాలు. మిగతాదంతా ఖర్చు కిందే లెక్క. బిల్లు అడగరు. కొత్త చట్టంలో నంబరు మారినా ఈ పద్ధతి ఉంది.

పచ్చళ్లావిడ ఏడాదికి 6 లక్షల సరుకు అమ్మి, డబ్బంతా ఫోన్లోనే తీసుకుంటే, చూపించాల్సిన లాభం కనీసం 36 వేలు. బాగుంది కదూ! కానీ దీనికి రెండోవైపు కూడా చూడాలి. రేపు ఆవిడ పెద్ద గ్రైండరు కొనడానికి బ్యాంకుకి వెళ్తే, మేనేజరుకి కాగితంమీద కనిపించే ఆదాయం ఆ 36 వేలే. "నెలకి మూడువేలు సంపాదించేవారికి అంత అప్పు ఎలా ఇస్తామమ్మా?" అంటాడు. నిజంగా లాభం ఎక్కువుంటే ఎక్కువే చూపించాలి. ఆరు శాతమన్నది కనీసమే. పన్ను పడని ఆదాయాన్ని తగ్గించి రాసుకుంటే మనకి ఒరిగేదేమీ లేదు, మన విలువ తగ్గడం తప్ప.

ఇంకో ప్రమాదం. బిల్లులు అడగరు కదా అని లెక్కలే మానేస్తే, సరుకు ధర ఎలా కడతాం? కిలో ఆవకాయకి కాయలు, నూనె, ఆవపిండి, కారం ఖర్చు చాలామందికి నోటికొస్తుంది. డబ్బా, పార్సెలు, గ్యాసు, ముక్కలు కొట్టడానికి వచ్చే మనిషి కూలీ, దారిలో పగిలిపోయిన సీసా? ఇవి వేసుకోకుండా "పక్కింటావిడ ఇంతకి ఇస్తోంది" అని ధర పెడితే, ఆ తేడా భరించేది మన వంటింటి డబ్బే. ఇంకా మన రెక్కల కష్టానికి కూలీ వేసుకోనేలేదు! దాన్ని ఖర్చుగా చూపించుకోడానికి పన్ను చట్టం ఒప్పుకోదు, సొంతదారుకి మిగిలేదే కూలీ అంటుంది. చట్టం ఒప్పుకోకపోయినా మన పుస్తకంలో మనం రాసుకోవచ్చు. అప్పుడే ఈ పని కిట్టుతోందో లేదో తెలుస్తుంది.

మరి కమిషన్ మీద బతికేవారో?

ఈ సుళువు మార్గం అందరికీ లేదు. కమిషన్ మీద చేసే పనులకి అది వర్తించదు. అంటే బీమా పాలసీలు కట్టించే ఏజెంటమ్మ అసలు ఖర్చులే చూపించుకోవాలి. తిరిగిన ఆటో, బస్సు చార్జీలు, ఫోను, ఇంట్లో కూర్చుని ఫారాలు నింపే మూల, అన్నీ. ఏడాదికి కమిషన్ 20 వేలు దాటితే 2025-26 నుంచి 2 శాతం ముందే కోసి ఇస్తారు. ఆవిడ ఆదాయానికి పన్ను పడకపోతే ఆ కోత వెనక్కి రావాలి. అయితే దానంతటది రాదు, రిటర్ను వేస్తేనే వస్తుంది. కొద్ది మొత్తమే కదా అని వదిలేసేవారు నాకు తెలిసే ఇద్దరున్నారు.

గంపెడు సరుకు అమ్మేవారికి బిల్లు లేకుండానే 92 శాతం, 94 శాతం ఖర్చు ఒప్పుకునే ప్రభుత్వం, చెప్పులరిగేలా తిరిగే ఏజెంటమ్మని మాత్రం ప్రతి చీటీ చూపించమనడం ఏం న్యాయం? వెనకటికి ఇంత కఠినంగా లేదు. 1990ల మొదట్లో మన ప్రత్యక్ష పన్నుల బోర్డే ఎల్‌ఐసి ఏజెంట్లకి ఓ వెసులుబాటు ఇచ్చింది. ఏడాది కమిషన్ 60 వేల లోపుండి, విడిగా లెక్కలు రాసుకోనివారికి మొదటి ఏడాది కమిషన్‌లో సగం, రెన్యువల్ కమిషన్‌లో 15 శాతం ఖర్చుగా ఒప్పుకున్నారు, మొత్తంమీద 20 వేలకి మించకుండా. చిన్నవారి చిట్టా పద్దులు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటది.

ఇంట్లో పనిచేసేవారి ఖర్చుకి ఇతర దేశాలు కూడా ఇలాంటి తేలిక దార్లే వెతుక్కున్నాయి. బ్రిటన్‌లో ఏడాదికి 1,000 పౌండ్ల దాకా పక్క సంపాదనకి పన్ను లేదు. 2017 నుంచి ఉందది. అంతకు మించినవారు ఇంట్లో పనిచేసిన గంటల్ని బట్టి ఖర్చు రాసుకోవచ్చు. నెలకి 25 నుంచి 50 గంటలైతే 10 పౌండ్లు, 100 గంటల దాకా 18, అంతకు మించితే 26. అమెరికాలో సొంతంగా పనిచేసుకునేవారు ఇంట్లో పనికోసమే కేటాయించిన చోటుకి చదరపు అడుగుకి 5 డాలర్ల చొప్పున, 300 అడుగుల దాకా చూపించుకోవచ్చు. కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందన్న పంచాయితీ చాలావరకు తప్పుతుంది. గంటలు చెప్తే చాలు, అడుగులు కొలిస్తే చాలు.

మనకీ అలాంటిది ఎందుకుండకూడదు? 2023-24 కేంద్ర శ్రామిక సర్వే ప్రకారం పనిచేస్తున్న ఆడవాళ్లలో నూటికి 67 మంది స్వయం ఉపాధిలోనే ఉన్నారు. పొలం పనీ, ఇంటి దుకాణమూ అన్నీ అందులోవే. అంతమంది పనిచేసే చోటు ఇల్లూ వాకిలీ అయినప్పుడు, "ఇంట్లో పనికి నెలకి ఇంత" అని ఓ స్థిరమైన మొత్తం పెడితే ఖజానాకి పోయేది కొంచెమే. బిల్లులన్నీ భర్త పేరునో, ఇంటాయన పేరునో ఉన్న ఆడదానికి మాత్రం అది పెద్ద ఊరట. సులభమైన చట్టం తెచ్చామంటున్నవారు ఆ సులభం వంటింటి గడప దాకా రానివ్వాలి. ప్రతి బడ్జెట్‌కి ముందు పరిశ్రమలవాళ్లు కోరికల జాబితాలు పట్టుకెళ్తారు. మహిళా సంఘాలు కూడా ఇదొకటి రాసి పట్టుకెళ్లొచ్చు.

ఇవాళే చెయ్యగలిగినవి

ప్రభుత్వం చేసేలోగా మనం చెయ్యగలిగిందీ ఉంది. ఓ రెండొందల పేజీల నోట్‌బుక్ చాలు. ఎడమవైపు వచ్చింది, కుడివైపు పోయింది. ఏ రోజుది ఆ రోజే. పనికి విడిగా ఓ బ్యాంకు ఖాతా, దానికే యూపీఐ. ఒకరికి ఒక రోజులో 10 వేలు మించిన ఖర్చుని నగదుగా ఇవ్వకండి, పన్ను లెక్కలో దాన్ని ఒప్పుకోరు. ఇల్లు తుడిచే మనిషి జీతం ఇంటిదే. అదే మనిషి మధ్యాహ్నం మామిడికాయలు తుడిచి ముక్కలు కొడితే ఆ కూలీ పనిది. రెండూ విడివిడిగా రాయండి. పనికి వాడే చోటు ఎంత, ఎన్ని గంటలు, ఏ లెక్కన వాటా వేశారు అన్నది మొదటి పేజీలోనే రాసిపెట్టుకుని ఏటా అదే పద్ధతి పాటించండి. పన్ను గీత దగ్గర్లో ఉన్నవారు ఓసారి ఆడిటరుకి ఆ పుస్తకం చూపిస్తే, ఆయన ఫీజు కూడా ఖర్చు కిందే పోతుంది!

నేను కథలు రాస్తాను. పారితోషికం వచ్చినప్పుడు వస్తుంది, లేనప్పుడు లేదు. కాగితాలు, పోస్టేజీ, ప్రింటు, పుస్తకాల ఖర్చు నా పుస్తకంలో కుడివైపు క్రమంగా ఎక్కుతూనే ఉంటాయి. కొన్నేళ్లు కుడివైపే బరువు. అయినా రాస్తాను. అది చూసి మావారు ఓసారి "నష్టాల కంపెనీ" అని వేళాకోళం చేశారు. "కంపెనీ అని ఒప్పుకున్నారు కదా, చాలు" అన్నాను.

ఖర్చు రాసుకున్న సంపాదనకే సంపాదన అన్న పేరు నిలుస్తుంది. ఆ పేరు మనకి ఎవరో పెట్టేదాకా ఆగక్కర్లేదు. అది మొదట మన పుస్తకంలో, మన చేతిరాతలో పడాలి.